తొలిసారి గ్రిప్ పోటీలో దిగేవారికి: సున్నా పడకుండా బయటపడే దారి

గ్రిప్ పోటీలో, అంటే చేతిపట్టు బలాన్ని తేల్చే పోటీలో, తొలిసారి పేరు ఇవ్వాలనుకునేవారిని వేధించే ప్రశ్న ఒకటే: "నాకు అంత బలం ఉందా?" నిజానికి వాళ్లు వేసుకోవలసిన ప్రశ్న వేరు. పెట్టిన ప్రతి అంశంలోనూ రెఫరీ ఒప్పుకునేలా కనీసం ఒక్క లిఫ్టయినా చేయగలనా? ఈ రెండో ప్రశ్నకు ఎందుకంత విలువో పాయింట్ల లెక్క చూస్తే తెలుస్తుంది.

చాలా గ్రిప్ పోటీల్లో పాయింట్లను నిష్పత్తి ప్రకారం వేస్తారు. ఒక అంశంలో అందరికన్నా ఎక్కువ ఎత్తినవారికి 100 పాయింట్లు. మిగతావారు ఆ బరువులో ఎంత శాతం ఎత్తితే అన్ని పాయింట్లు. అక్కడ అత్యధికం 150 కిలోలై మీరు 105 ఎత్తితే మీకు 70 వస్తాయి. ఇప్పుడు నాలుగు అంశాల పోటీని ఊహించుకోండి. ఒకరికి 80, 75, 78 వచ్చి నాలుగోదానిలో ఏ ప్రయత్నమూ చెల్లలేదు. మొత్తం 233. ఇంకొకరు ఎక్కడా మెరవకుండానే 62, 60, 63, 60 తెచ్చుకున్నారు. మొత్తం 245. మూడు అంశాల్లో స్పష్టంగా ముందున్న మనిషి ఒక్క సున్నాతో వెనకబడ్డాడు. తొలి పోటీకి కొత్తగా తెచ్చుకునే బలం కన్నా ఈ సున్నాను తప్పించుకోవడమే ఎక్కువ ఫలితమిస్తుంది. కింద చెప్పేదంతా అందుకోసమే.

మొదటి మెట్టు: ఏయే అంశాలు ఉన్నాయో తెలుసుకోండి

చేతిబలం అంటే అంతా ఒకటే అనిపిస్తుంది గానీ, పోటీలో అది నాలుగు రకాలుగా విడిపోతుంది. పిడికిలి బిగించి నలిపే బలం ఒకటి. బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు రెండోవైపు ఉంచి నొక్కి పట్టే బలం మరొకటి. దీన్ని పించ్ అంటారు. లావుపాటి కడ్డీ జారిపోకుండా ఆపే బలం మూడోది. మణికట్టు బలం నాలుగోది. ఒకదానిలో ఆరితేరినవారు ఇంకొకదానిలో తేలిపోవడం మామూలే. జిమ్‌లో ఏళ్ల తరబడి డెడ్‌లిఫ్ట్ (నేలమీది బార్‌బెల్‌ను పట్టుకుని నిటారుగా లేవడం) చేసినవారికి వేళ్లు ఇనుపకొక్కేల్లా పనిచేస్తాయి, కానీ బొటనవేలికి ఎప్పుడూ పని పడి ఉండదు. అలాంటివారు పించ్ దగ్గర తెల్లమొహం వేస్తారు.

నలిపే అంశంలో వాడేది గ్రిప్పర్. రెండు పిడులు, మధ్యలో చుట్టిన స్ప్రింగ్. ఈ రంగంలో అందరికీ తెలిసినవి ఐరన్‌మైండ్ సంస్థ తయారుచేసే క్యాప్టెన్స్ ఆఫ్ క్రష్ గ్రిప్పర్లు. వీటిలో 1వ నంబరు 140 పౌండ్లు, 2వ నంబరు 195, 3వ నంబరు 280, 4వ నంబరు 365 పౌండ్లు అని కంపెనీ రేటింగ్. 3వ నంబరును నియమాల ప్రకారం మూయగలిగితే పేరు నమోదు చేసి ధ్రువపత్రం ఇస్తారు. 4వ నంబరును అలా మొట్టమొదట మూసింది జో కిన్నీ, 1998లో. ఇక్కడ ఒక చిక్కుంది. ఒకే నంబరున్న రెండు గ్రిప్పర్లు ఒకేలా ఉండవు. స్ప్రింగులో చిన్న తేడా వచ్చినా బిగువు మారిపోతుంది. అందుకే పోటీల్లో పిడి చివర బరువులు వేలాడదీసి, ఎంత బరువుకు గ్రిప్పర్ మూసుకుంటుందో కొలిచి, ఆ అంకె వేసి పెడతారు. దీన్ని ఆర్‌జీసీ అంటారు. ఈ అంకె కంపెనీ రేటింగులో దాదాపు సగం ఉంటుంది కాబట్టి, పోటీ పట్టికలో 105 పౌండ్లు అని కనిపిస్తే తేలిక అనుకుని ఎగిరి గంతేయకండి. అది ఇంచుమించు 2వ నంబరు గ్రిప్పర్ బిగువు.

పించ్‌లో ఎక్కువగా కనిపించేది రెండు చేతులతో ఎత్తే నిలువు పలక. దాని మందాన్ని చేతికి తగ్గట్టు మార్చుకునే వీలుంటుంది. హబ్ అనేది గుండ్రని బొడిపె. అయిదు వేళ్లతో పైనుంచి పట్టి లేపాలి. బ్లాబ్ అంటే యార్క్ కంపెనీ పాత 100 పౌండ్ల డంబెల్‌ను రెండుగా కోసిన సగం ముక్క. బరువు చూస్తే 50 పౌండ్ల లోపే, కానీ దాని వాలు అంచుల మీద వేళ్లు నిలవవు.

లావు కడ్డీల్లో మొదటిది యాక్సిల్. మామూలు బార్‌బెల్ మందం 28 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటే ఇది దాదాపు 50. పైగా మామూలు బార్‌బెల్‌కు ఉండే గరుకుగీతలు దీనికి ఉండవు. రోలింగ్ థండర్ ఒక చేత్తో ఎత్తేది. పిడి మందం 60 మిల్లీమీటర్లు, అదీ తనంతట తాను తిరిగే పిడి. బరువు కిందికి లాగుతుంటే పిడి వేళ్లను విప్పుకుంటూ తిరుగుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో థామస్ ఇంచ్ అనే బలశాలి ప్రదర్శనలకు తీసుకువెళ్లిన డంబెల్ కథా ఇలాంటిదే. దాని బరువు 172 పౌండ్లు, అంటే 78 కిలోలు. అంతకు రెండింతలు డెడ్‌లిఫ్ట్ చేసేవారు కూడా దాన్ని నేలమీంచి కదపలేకపోవడానికి కారణం ఆ లావుపాటి పిడి, చేతిలో తిరిగిపోయే ఆ గుండ్లూ. దాని నకళ్లు ఇప్పటికీ పోటీల్లో కనిపిస్తాయి.

సిల్వర్ బుల్లెట్ అనే అంశం కూడా ఉండవచ్చు. 3వ నంబరు గ్రిప్పర్ పిడుల మధ్య తూటా ఆకారపు చిన్న లోహపు ముక్క పెడతారు, దానికి 2.5 కిలోల బరువు వేలాడుతుంటుంది. పిడులు కొంచెం తెరుచుకున్నా అది జారి పడుతుంది. ఎన్ని సెకన్లు ఆపారన్నదే లెక్క. చివరగా మెడ్లీ: బ్లాబులు, బరువు పలకలు, లావు డంబెళ్లు బల్ల మీద వరసగా పెట్టి, గడువులోపు ఎన్ని ఎత్తితే అన్ని పాయింట్లు. చూసేవారికి అన్నింటికన్నా సందడిగా ఉండేది ఇదే.

రెండో మెట్టు: నియమావళిని గీతలు గీసుకుంటూ చదవండి

తొలిసారి వచ్చినవారి లిఫ్టులు చెల్లకపోవడానికి పెద్ద కారణం బలం తక్కువ కావడం కాదు, ఆదేశం వినకపోవడం. బరువు ఎత్తాక మోకాళ్లు, నడుము నిటారుగా చేసి, రెఫరీ "డౌన్" అనేదాకా ఆగాలి. చాలామంది నిటారుగా అయిన మరుక్షణమే వదిలేస్తారు. లిఫ్టు అంతా చక్కగా సాగి, అర సెకను తొందరలో ఎర్రజెండా పడుతుంది.

నిర్వాహకులు నియమావళి పంపకపోతే అడిగి తెప్పించుకోండి. అందులో మీరు వెతకాల్సినవి ఇవీ. యాక్సిల్‌లో బొటనవేలిని మిగతా వేళ్ల కింద ఇరికించే హుక్ పట్టు ఒప్పుకుంటారా? చాలాచోట్ల ఒప్పుకోరు. రెండు అరచేతులూ మీవైపే తిరిగి ఉండాలా? సాధారణంగా అంతే. కడ్డీ తొడలకు ఆనితే తప్పా? ఒక చేతి లిఫ్టులో ఖాళీ చేయి ఎక్కడ ఉంచాలి? బరువు ఎంత ఎత్తుకు లేవాలి? గ్రిప్పర్‌ను రెండో చేత్తో ఎంతవరకు నొక్కి సర్దుకోవచ్చు? ఈ చివరి ప్రశ్న అన్నింటికన్నా ముఖ్యం. కొన్ని పోటీల్లో పిడుల మధ్య 20 మిల్లీమీటర్ల బ్లాక్ పట్టేంత ఖాళీ మిగిలేలా సర్దుకోనిస్తారు. ఇంకొన్నింటిలో, 3వ నంబరు ధ్రువపత్రానికి మాదిరిగా, క్రెడిట్ కార్డు పొట్టివైపు వెడల్పు, అంటే సుమారు 54 మిల్లీమీటర్లు ఉండాలి. 20తో ఇట్టే మూసేసినదే 54తో అస్సలు కదలకపోవచ్చు. ఏ పద్ధతో తెలియకుండా చేసిన సాధన సగం వృథా.

చేతులు జారకుండా రాసుకునే చాక్ పొడి దాదాపు అన్నిచోట్లా చెల్లుతుంది. జిగురు పదార్థాలు, పట్టీలు, గ్లవ్స్ చెల్లవు. వేలికి టేపు చుట్టుకోవచ్చా అన్నది అంశాన్ని బట్టి మారుతుంది. ఉంగరాలు ముందురోజే తీసి దాచేయండి. వేలు ఉబ్బాక అవి రావు.

మూడో మెట్టు: మీరెక్కడ ఉన్నారో కొలుచుకోండి

పోటీకి మూడు నెలల ముందు ప్రతి అంశాన్నీ ఒకసారి, పోటీ నియమాలతోనే పరీక్షించుకోండి. పక్కన ఒకరిని నిలబెట్టి "డౌన్" అనమనండి. అసలు పరికరం దొరకకపోయినా సాధన ఆగాల్సిన పని లేదు. మామూలు బార్‌బెల్‌కు లావు రబ్బరు తొడుగు వేసుకుంటే యాక్సిల్‌కు దగ్గరగా వస్తుంది. నున్నటి వైపులు బయటికి ఉండేలా రెండు బరువు పలకలు కలిపి పట్టుకుంటే పించ్ అవుతుంది. గ్రిప్పర్‌కు మాత్రం బదులు లేదు, ఒకటో రెండో కొనుక్కోవాల్సిందే. పది పన్నెండు సార్లు మూయగలిగేది ఒకటి, ఒకటి రెండుసార్లే మూయగలిగేది ఒకటి చాలు. క్రీడాసామగ్రి కొట్లలో దొరికే ప్లాస్టిక్ పిడుల గ్రిప్పర్లు ఈ పనికి అక్కరకు రావు.

రక్తపోటు, గుండె జబ్బు, గిలక (హెర్నియా) ఉన్నవారు ముందు వైద్యుణ్ణి అడగాలి. ఊపిరి బిగబట్టి పూర్తి బలంతో పట్టినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. చూడటానికి చేతిపనే అయినా భారం గుండె మీద కూడా పడుతుంది.

నాలుగో మెట్టు: పన్నెండు వారాల సాధన

వేళ్లను ముడిచే ముఖ్యమైన కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడినుంచి పొడవాటి టెండన్లు మణికట్టు దాటి వేళ్లలోకి సాగి ఎముకలను లాగుతాయి. ఆ టెండన్లను ఎముకకు అంటిపెట్టి ఉంచేందుకు వేళ్లలో ఉంగరాల్లాంటి పట్టీలు ఉంటాయి. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. టెండన్లకూ ఈ పట్టీలకూ నెలలు పడుతుంది. సాధన మొదలుపెట్టిన నెలకే కండరం "ఇంకొంచెం" అంటుంది, దాని మాట వింటే వేలు దెబ్బతింటుంది. ఈ ఆటలో ఆరంభశూరత్వం అసలుకే ఎసరు పెడుతుంది.

కాబట్టి వారానికి రెండు రోజులు భారీ సాధన, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం. కావాలంటే మూడో రోజు తేలికపాటిది.

మొదటి రోజు గ్రిప్పర్లు, పించ్. తేలిక గ్రిప్పర్‌తో రెండు మూడు విడతలు వేడెక్కాక, మీ గరిష్ఠానికి కాస్త తక్కువదాన్ని ఒక్కొక్కసారిగా అయిదారుసార్లు మూయండి, ప్రతిసారీ పోటీలో మాదిరే సర్దుకుని. మధ్యలో రెండు మూడు నిమిషాలు ఆగండి. తర్వాత పించ్: గరిష్ఠంలో 75-85 శాతం బరువుతో అయిదు లిఫ్టులు, ప్రతిదీ పైన అయిదు సెకన్లు ఆపి.

రెండో రోజు యాక్సిల్, ఒక చేతి లావు పిడి, మణికట్టు. యాక్సిల్ 80-90 శాతంతో నాలుగైదు ఒంటి లిఫ్టులు. తర్వాత ఒక చేతి పిడితో ఒక్కో చేతికి మూడు నాలుగు. చివర్లో సుత్తి లాంటి ఒకవైపు బరువున్న కర్రను మణికట్టుతోనే పైకీ కిందికీ వంచడం. యాక్సిల్ రోజునే మామూలు డెడ్‌లిఫ్ట్ కూడా భారీగా చేస్తే నడుము ముందు అలసిపోతుంది, చేతులకు దక్కేదేమీ ఉండదు.

రెండు రోజులూ ముగించేముందు వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి తెరిచే కసరత్తు ఇరవై ముప్పైసార్లు చేయండి. పిల్లల ఆటలా అనిపించినా మానకండి. మూసే కండరాలనే పెంచి తెరిచేవాటిని వదిలేస్తే మోచేయి మూలుగుతుంది. మోచేయి లోపలివైపు ఎముక దగ్గర నొక్కితే నొప్పి, కప్పు ఎత్తినా సలుపు: ఇవి కనిపిస్తే భారం తగ్గించాల్సిందే. వేలి మొదట్లో "టప్" మన్నట్టు అనిపించి వాపు వస్తే ఆ రోజే ఆపి వైద్యుణ్ణి కలవండి. దాన్ని టేపు చుట్టి నెట్టుకురావడం ధైర్యం అనిపించుకోదు.

మూడు వారాలు పెంచుతూ పోయి, నాలుగో వారం సగానికి తగ్గించండి. ఇలా మూడు ఆవృత్తాలు. ప్రతి నాలుగు వారాలకు ఒకసారి, ఒకే రోజు అన్ని అంశాలనూ పోటీ వరుసలో చేసి చూడండి. గ్రిప్పర్లు, పించ్ అయ్యాక యాక్సిల్ పట్టుకుంటే, విడిగా ఎత్తేదాని కన్నా తక్కువే లేస్తుంది. ఎంత తక్కువో మీ పుస్తకంలో రాసుకోండి. పోటీరోజు ఏ బరువుతో మొదలుపెట్టాలో చెప్పేది ఆ అంకే.

అయిదో మెట్టు: పట్టుకునే తీరు

గ్రిప్పర్‌ను చేతిలో ఎక్కడ పెడుతున్నారన్నది సగం బలం. ఒక పిడి బొటనవేలి మొదట్లో ఉన్న కండ మీద ఆనాలి, అరచేతి నడిమధ్యలో కాదు. గ్రిప్పర్‌ను చేతిలో పెట్టి, రెండో చేత్తో పిడులను నెమ్మదిగా దగ్గరకు నొక్కుతూ, ముందు చిటికెనవేలు రెండో పిడిని పూర్తిగా చుట్టుకునేలా చూడండి. చిటికెనవేలు అంచున వేలాడుతుంటే ఆ ప్రయత్నం అక్కడే అయిపోయినట్టు. తర్వాత ఉంగరపువేలు, మధ్యవేలు, చూపుడువేలు వాటంతటవే కూర్చుంటాయి. సర్దుకోవడం అయ్యాక రెఫరీకి ఖాళీ చూపించి, రెండో చేయి తీసేసి, ఒక్క ఊపులో మూయాలి. నిదానంగా నొక్కుకుంటూ పోతే చివరి మిల్లీమీటర్ల దగ్గర స్ప్రింగు గెలుస్తుంది. పిడులు ఒకదానికొకటి తాకిన చప్పుడు వినిపించినా వెంటనే వదలకండి, రెఫరీ ఒప్పుకునేదాకా బిగించే ఉంచండి.

మణికట్టు కొంచెం వెనక్కి, అంటే చేతివెనుకవైపుకు వంగి ఉన్నప్పుడు వేళ్లకు బలం ఎక్కువ. ముందుకు వంగిపోతే వేళ్లు ముడిచే కండరాలు పొట్టిబడి లాగలేవు. ఇప్పుడే పిడికిలి బిగించి మణికట్టును లోపలికి వంచి చూడండి, పట్టు ఎలా వదులవుతుందో తెలుస్తుంది. లావు కడ్డీల మీద, అలసట వచ్చాక, మణికట్టు తెలియకుండానే లోపలికి కూలుతుంది. లిఫ్టు పోయేది ఎక్కువగా అప్పుడే.

యాక్సిల్‌ను మామూలు బార్‌బెల్‌లా గుంజకూడదు. గుంజిన క్షణంలో కడ్డీ వేళ్లమీంచి అర అంగుళం దొర్లిందంటే ఇక దాన్ని వెనక్కి తేలేరు. పట్టుకునేటప్పుడు అరచేతి చర్మాన్ని వేళ్లవైపు నెట్టి, కడ్డీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందులోకి లోతుగా కూర్చోబెట్టండి. బొటనవేలి కొన చూపుడువేలికి అందకపోవచ్చు. అందినంత దగ్గరకు లాగండి. చేతులు చాపి, బిగువు తెచ్చుకుని, నేలను కాళ్లతో నెడుతూ ఒకే వేగంతో లేవండి. సమానంగా లేస్తే కడ్డీ దొర్లదు.

పించ్‌లో వేళ్ల కొనలతో పట్టుకోవద్దు. వేళ్ల మెత్తని భాగమంతా పలకకు ఆనాలి. మందం మార్చుకునే వీలుంటే సాధనలోనే మూడు నాలుగు మందాలు ప్రయత్నించి మీది ఏదో తేల్చుకోండి. పెద్ద చేతికి మందమైనదే మంచిదని గ్యారంటీ లేదు. పలక ఏ కొంచెం వాలినా ఒక చేతి మీద ఎక్కువ బరువు పడుతుంది, అందుకని రెండు చేతులూ మధ్యకు సమదూరంలో ఉన్నాయో లేదో ప్రతిసారీ చూసుకోండి.

ఆరో మెట్టు: చర్మం

బలం ఎంతున్నా పరికరాన్ని తాకేది చర్మమే. గ్రిప్పర్ పిడుల గరుకు అరచేతిని కొరుకుతుంది, లావు కడ్డీ వేళ్ల మొదట్లో కాయలను పట్టి లాగుతుంది. ఎత్తుగా పెరిగిన కాయ ఒక అంచున లేచిందంటే మొత్తం ఊడివస్తుంది, ఆ రోజుకు పోటీ ముగిసినట్టే. వారానికోసారి స్నానం అయ్యాక, చర్మం మెత్తగా ఉన్నప్పుడు, గరుకురాయితో కాయలను సమతలం చేయండి. పూర్తిగా గీకేయకండి, వాటి అవసరం ఉంది. రాత్రి పడుకునేముందు కాస్త క్రీము రాయండి. సాధనకు ముందు మాత్రం అస్సలు వద్దు.

పించ్‌కు మరీ ఎండిపోయిన చర్మం జారుతుంది, చెమట చర్మమూ జారుతుంది. చాక్ పొడి ఎక్కువ పట్టిస్తే పట్టు పెరుగుతుందనుకోవడం అపోహ. చర్మానికీ లోహానికీ మధ్య వదులు పొడి పొర మిగిలితే అదే జారుడుబల్ల. పల్చగా రుద్ది, అదనంగా ఉన్నది దులిపేయండి. పరికరం మీద అంతకుముందువారి పొడీ చెమటా పేరుకుని ఉంటే బ్రష్‌తో తుడవమని అడగండి. అది మీ హక్కు, ఎవరూ తప్పు పట్టరు.

ఏడో మెట్టు: చివరి పది రోజులు

ఆఖరి భారీ సాధన పోటీకి ఎనిమిది నుంచి పది రోజుల ముందు. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు సగం బరువుతో చేతులు కదిలిస్తే చాలు, ఆఖరి మూడు రోజులు పూర్తి విశ్రాంతి. ఈ రోజుల్లో "ఒక్కసారి చూసుకుందాం" అనే దురద పుడుతుంది. ఆ ఒక్కసారి మూసిన గ్రిప్పర్ పోటీలో లెక్కకు రాదు. బరువు తరగతులు ఉన్నా, తొలి పోటీకి తిండి మాని బరువు తగ్గకండి.

సంచిలో ఉండాల్సినవి: చాక్ పొడి, చిన్న బ్రష్, రెండు తువ్వాళ్లు, టేపు, గోళ్ల కత్తెర, గరుకురాయి, వేడెక్కడానికి మీ తేలిక గ్రిప్పర్, చలివేళైతే చేతులకు ఉన్ని తొడుగులు, తిండి, నీళ్లు, ప్రతి అంశానికీ మూడు బరువులు రాసిపెట్టిన కాగితం.

ఎనిమిదో మెట్టు: పోటీరోజు

ఆ కాగితం గురించే ముందు చెప్పాలి. మొదటి బరువు మీ గరిష్ఠంలో 80-85 శాతం మించకూడదు. ఆ బరువు నిద్రలో లేపినా ఎత్తగలిగేలా ఉండాలి. రెండోది 90-95. మూడోదే మీ కొత్త గరిష్ఠం కోసం. ఈ గరిష్ఠం అంటే విడిగా ఎత్తినది కాదు, అన్ని అంశాలూ ఒకే రోజు చేసినప్పుడు రాసుకున్న అంకె. చాలాచోట్ల బరువు పెరుగుతూనే పోతుంది, వెనక్కి తగ్గదు. కడ్డీ మీ మొదటి బరువును దాటిపోయాక "కొంచెం తగ్గించండి" అనే అవకాశం లేదు. తొలిసారి వచ్చినవారికి సున్నా పడేది ఎక్కువగా ఇక్కడే: పక్కవాడి మొదటి బరువు చూసి మొహమాటపడి తనదీ పెంచేయడం. చిన్న బరువుతో మొదలుపెట్టినవారిని చూసి నవ్వేవారు అక్కడ ఉండరు. ఉన్నా పాయింట్లు వేసేది వాళ్లు కాదు.

నియమాల సమావేశానికి ఆలస్యం కాకండి. సందేహం ఉంటే అక్కడే, అందరి ముందే అడగండి. ప్రయత్నానికి ఎంత సమయం ఇస్తారో, పేరు పిలిచినప్పటినుంచా లేక బరువు సిద్ధమైనప్పటినుంచా లెక్కపెట్టేదో కనుక్కోండి.

వేడెక్కడం ఒళ్లంతా మొదలుపెట్టి చేతుల దాకా రావాలి. చల్లబడిన చేతులు బలహీనం. ముంజేయి చల్లబడితే కండరం నెమ్మదిస్తుంది, వేళ్లు మొద్దుబారుతాయి. ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య చేతులు తొడుగుల్లోనో చంకల్లోనో ఉంచుకోండి. తొడుగుల్లో చెమట పట్టకుండా చూసుకోండి. గ్రిప్పర్లకు వేడెక్కేటప్పుడు తేలికది కొన్నిసార్లు, మధ్యరకం రెండుసార్లు, మొదటి బరువుకు దగ్గరిది ఒక్కసారి. అంతకుమించి వద్దు. వార్మప్ గదిలో పరికరాల చుట్టూ మూగి, ఒకరి గ్రిప్పర్ ఒకరు మూసి చూసుకుంటూ, పోటీ మొదలయ్యేసరికి చేతులు అయిపోగొట్టుకునేవారిని ప్రతి పోటీలోనూ చూడవచ్చు.

పేరు పిలిచాక ఒకే క్రమం పాటించండి: చాక్, చేతులు దులపడం, పరికరం మధ్యలో ఉందో లేదో చూడటం, పట్టు సర్దుకోవడం, ఎత్తడం, రెఫరీ వైపు చూపు, "డౌన్" విన్నాకే దించడం. దించేటప్పుడూ చేయి వదిలేయకండి, వదిలేస్తే చెల్లదనే నియమం ఉండవచ్చు. లిఫ్టు చెల్లలేదంటే ఎందుకో రెఫరీని అడగండి, వాదించకండి. కారణం తెలిస్తే అదే బరువు మళ్లీ ఎత్తి నిలబెట్టుకోవచ్చు.

అంశాల మధ్య విరామం మీరు అనుకున్నదానికన్నా పొడవుగా ఉంటుంది. కొంచెం కొంచెంగా తినండి, ముంజేతులను తేలికగా మర్దనా చేసుకోండి, వేళ్లు తెరిచి మూయండి. చర్మం ఎక్కడైనా లేచిందా చూసుకుని, లేచిన అంచును కత్తెరతో శుభ్రంగా కత్తిరించండి. గోటితో పీకితే పుండు అవుతుంది.

మెడ్లీ వేరే ఆట. గడువు మొదలవకముందే బల్ల చుట్టూ ఒకసారి నడిచి, ఏవి ఖాయంగా లేస్తాయి, ఏవి లేవవచ్చు, ఏవి మీవల్ల కావు అని మనసులో మూడు కుప్పలు వేసుకోండి. మొదటి కుప్ప మొత్తం ముగించాక రెండోదానికి వెళ్లండి. ఒక బ్లాబ్ దగ్గర నాలుగుసార్లు పట్టుబట్టి నిలబడితే, దాని పక్కన సులువుగా లేచే మూడు వస్తువులు అలాగే మిగిలిపోతాయి. ఒకసారి జారితే చాక్ రాసుకుని మరోసారి. అప్పుడూ లేవకపోతే పక్కదానికి.

పోటీ అయ్యాక

మర్నాడు వేళ్లు పట్టేసినట్టు ఉండటం సహజం. గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి నెమ్మదిగా మూసి తెరుస్తుంటే హాయిగా ఉంటుంది. వారం రోజులు భారీ పట్టు సాధన ఆపేయండి. ఒకే వేలిలో, ఒకేచోట నొప్పి వారం దాటినా తగ్గకపోతే అది మామూలు అలసట కాదు, వైద్యుడికి చూపించాలి.

నిర్వాహకుల దగ్గర పాయింట్ల పట్టిక నకలు తీసుకోండి. అందులో మీ స్థానం ఎంతన్నది పక్కన పెట్టి, ప్రతి అంశంలో విజేత బరువులో మీరెంత శాతం ఎత్తారో వరసగా రాయండి. అన్నింటికన్నా తక్కువ శాతం వచ్చిన అంశంలోనే పాయింట్లు చవగ్గా దొరుకుతాయి. 85 శాతాన్ని 90 చేయడానికి పట్టే శ్రమతో 50 శాతాన్ని 65 చేయవచ్చు. తొలిసారి వచ్చినవారిలో చాలామందికి అది పించ్ అవుతుంది. అలాగైతే వచ్చే పన్నెండు వారాల్లో మొదటి రోజు సాధనను గ్రిప్పర్‌తో కాకుండా పించ్‌తో మొదలుపెట్టండి.